గింజ కంటే ముందు కాగితం

అరకు కొండల్లో నలుగురూ కలిసి రాసే పత్రాలకు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటిని చదివేవాళ్లు మాత్రం ఇంకా కొండ కిందా, సముద్రం అవతలా ఉన్నారు.

అరకు కాఫీ మీద వచ్చే కథనాలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. పొగమంచు, ఎర్రగా పండిన గుత్తులు, 2017లో పారిస్‌లో తెరిచిన దుకాణం, 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు. ఆ కాఫీ మూటను కొండ దిగనిచ్చే ఫైలు గురించి ఎవరూ రాయరు. రాయడానికి అందులో అందమేమీ లేదు మరి. రైతు పేరు, ఊరు, అటవీ హక్కుల పట్టా నంబరు, ఎన్ని కాఫీ మొక్కలు, నీడకు సిల్వర్ ఓక్‌లా, పనసలా, మిరియాల తీగ ఎక్కించారా లేదా, పోయినేడు ఎంత దిగుబడి, ఏ ఎరువు వేశారు, ఎవరొచ్చి చూశారు, ఎవరు సంతకం పెట్టారు. సేంద్రియ ముద్రతో అమ్మే కాఫీకి ముందు నడిచేది ఈ కాగితమే. గింజ దాని వెనకాల వస్తుంది.

ఈ ఫైలును ఏ ఒక్కరూ రాయరు. రైతు నోటితో చెబుతాడు. ఊళ్లో తిరిగే సిబ్బంది రాసుకుంటారు. తనిఖీ చేసేవారు తోటకు వెళ్లి సరిచూస్తారు. ఆఫీసులో ఇంకొకరు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. చివరికి బయటి సర్టిఫికేషన్ సంస్థవారు వచ్చి మళ్లీ మొదటి నుంచీ విప్పుతారు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ బృందం కాన్‌ఫ్లుయెన్స్‌లోనో, నోషన్‌లోనో, గూగుల్ డాక్స్‌లోనో చేసుకునే పని కూడా ఇదే జాతిది. దాన్ని వాళ్లు డాక్యుమెంటేషన్ అంటారు. అక్కడ రాసినవారే రేపు దాన్ని తెరిచి చదువుకుంటారు. ఇక్కడ చెప్పిన రైతుకు తన ఫైలులో చివరికి ఏం మిగిలిందో చూసే దారి అరుదు. ఈ వారం ముఖచిత్ర కథనం ఆ దారి గురించే.

గుంపుకో పుస్తకం

మన సేంద్రియ ఎగుమతుల నియమావళి, జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, 2001లో అమల్లోకి వచ్చింది. ఎకరం, రెండెకరాల తోట ఉన్న రైతు విడిగా సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే తలకు మించిన ఖర్చు. అందుకని 25 నుంచి 500 మంది దాకా ఒక గుంపుగా చేరే వీలు పెట్టారు. గుంపు తనను తాను తనిఖీ చేసుకోవాలి. దీన్ని అంతర్గత నియంత్రణ వ్యవస్థ అని కాగితాల్లో రాస్తారు. పని చేసేవాళ్లంతా ఐసీఎస్ అనే అంటారు.

ఐసీఎస్ అంటే నిజానికి ఒక పెద్ద ఉమ్మడి పుస్తకం. ప్రతి రైతుకూ ఒక ఒప్పందం, తోట పటం, సాగు డైరీ, ఏటా తనిఖీ నివేదిక, దిగుబడి అంచనా, కొనుగోలు చిట్టా. గుంపులో ప్రతి తోటనూ గుంపు మనుషులే ఏటా చూడాలి. బయటి నుంచి వచ్చేవారు మాత్రం కొన్నే చూస్తారు. చాలాకాలం దానికి వర్గమూలం లెక్క నడిచింది. 500 మంది ఉంటే కనీసం 22, 23 తోటలు, అనుమానం ఉంటే ఇంకొన్ని. చూడని నాలుగు వందల డెబ్భై పైచిలుకు తోటల తరఫున పుస్తకమే సాక్ష్యం చెప్పాలి. పుస్తకం నమ్మదగ్గది కాదని తేలితే తప్పు ఒకరిదైనా దెబ్బ గుంపు మొత్తానికీ తగులుతుంది. వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా నడిపే ట్రేస్‌నెట్ అనే వెబ్ వ్యవస్థలోకి ఈ వివరాలు ఎక్కుతాయి. అమ్మకం జరిగిన ప్రతి లాటూ ఏ గుంపు నుంచి వచ్చిందో అందులో వెనక్కి వెతుక్కోవచ్చు.

అరకులో ఈ పుస్తకం రాసే పని కొత్తదేమీ కాదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో, చిన్న సన్నకారు గిరిజన రైతుల సంఘం ఏర్పడింది. పారిస్ దాకా వెళ్లిన కాఫీ ఈ సంఘానిదే. మరోవైపు 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, జీసీసీ, రైతుల దగ్గర పార్చ్‌మెంట్ (పైపొర తీయని ఎండు గింజ), చెర్రీ (పండిన కాయ) కొంటుంది. పాడేరు గిరిజనాభివృద్ధి సంస్థ, ఐటీడీఏ, పరిధిలోని 11 మండలాల్లో కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది. అన్ని తోటల రాతకోతలు ఊహించుకుంటే తల ప్రాణం తోకకు వస్తుంది.

అంత రాయాల్సి వచ్చినప్పుడు ఎక్కడైనా ఒక జబ్బు పట్టుకుంటుంది. పక్క గడిలో ఉన్న అంకెనే ఈ గడిలోనూ దించేయడం. గడువు రేపే, ఊరు కొండ అవతల, వాన పడుతోంది. ఎవరు మాత్రం వెళ్తారు? కాకి లెక్కలు ఇలాగే పుడతాయి. దీనికి మందు కఠినమైన ఫారమూ కాదు, తప్పనిసరి గడులున్న యాప్ కూడా కాదు. గడులు తప్పనిసరి చేస్తే అబద్ధం కూడా తప్పనిసరిగా నిండుతుంది. రాసిన అంకెతో రాసినవారికి రేపు పని ఉండాలి. అప్పుడు గానీ అది సరిగ్గా పడదు.

ఈ సంగతి గ్రహించిన పద్ధతి ఒకటి మన దగ్గరే ఉంది. పీజీఎస్-ఇండియా అంటారు. కనీసం ఐదుగురు రైతులు ఒక గుంపు. ఒకరి పొలం ఇంకొకరు చూస్తారు, చూసినవారే సంతకం పెడతారు. పక్క తోటవాడు ఏం చల్లాడో పక్కవాడికి తెలియకుండా ఉండదు. ఎగుమతికి ఈ సర్టిఫికెట్ పనికిరాదు గానీ, రాసేవాడూ చదివేవాడూ ఒకే ఊరివాడైతే పుస్తకం ఎలా ఉంటుందో చూడాలంటే ఇక్కడే చూడాలి.

తనిఖీకి రాసింది, పనికి రాసింది

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసినవారికి ఒక అనుభవం తప్పకుండా ఉంటుంది. కంపెనీ వికీలో వేల పేజీలుంటాయి. విధానాలు, ఆమోదాలు, ఆడిట్ కోసం నింపిన పట్టికలు. రాత్రి పన్నెండింటికి సర్వర్ పడిపోతే మాత్రం ఏం చేయాలో వాటిలో ఎక్కడా దొరకదు. అది పదేళ్లుగా అక్కడున్న ఒక సీనియర్ బుర్రలో ఉంటుంది. ఆయన సెలవులో ఉంటాడు.

అరకులో కూడా సీన్ అదే. రైతు రసాయన ఎరువు వేయలేదని నిరూపించే కాగితాలు బోలెడు. కాయను వలిచే పల్పర్‌లో తోలు ఇరుక్కుంటే డ్రమ్మును ఎలా సర్దాలి, చలి బాగా ఉన్న రోజుల్లో గింజను తొట్టిలో ఎంతసేపు పులియనివ్వాలి, ముసలి మొక్కను ఎక్కడ నరికితే మళ్లీ చిగురిస్తుంది, ఆరబెట్టిన పార్చ్‌మెంట్ 10 శాతం తేమకు దిగిందని చేతికి ఎలా తెలుస్తుంది, ఇవి ఎవరి ఫైలులోనూ లేవు. తెలిసినవారు లేక కాదు. తెలిసినవారిని ఎవరూ రాయమనలేదు.

ఉన్నదల్లా వాట్సాప్. ఏజెన్సీలో సిబ్బంది, రైతు సంఘాలు, ఊరి పెద్దలు, అందరికీ గ్రూపులున్నాయి. ఫోటో తీసి పెడితే ఎవరో ఒకరు వాయిస్ మెసేజ్‌లో జవాబు చెబుతారు. రాత రానివారికి కూడా అందే గొప్ప సౌకర్యం. కానీ అది సంతలో చెప్పుకున్న మాట లాంటిది. విన్నవాడికి పనికొచ్చింది, వచ్చే ఏడు అదే ప్రశ్న వస్తే మళ్లీ మొదటి నుంచీ అడగాల్సిందే. పైగా ఫోన్ మారితే మాట కూడా పోతుంది.

చెప్పిన మాట ఇలా పోకుండా ఒకచోట నిలపడానికే వికీ పుట్టింది. 1995 మార్చి 25న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో వార్డ్ కన్నింగ్‌హమ్ అనే ప్రోగ్రామర్ మొదటి వికీని ఇంటర్నెట్‌లో పెట్టాడు. తోటి ప్రోగ్రామర్లు తమ పని అనుభవాలను ఒకచోట రాసుకోవడానికి. చదువుతున్న పేజీ కిందనే దాన్ని మార్చే మీట ఉంటుంది. దాంతో రచయితకూ పాఠకుడికీ మధ్య ఉన్న గోడ పోయింది. 2001లో వికీపీడియా, 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా వచ్చాయి. 2004లో కాన్‌ఫ్లుయెన్స్ ఇదే ఆలోచనను కంపెనీల్లోకి తీసుకెళ్లింది. తీసుకెళ్తూ తాళాలూ తగిలించింది. ఎవరు చూడాలి, ఎవరు మార్చాలి, ఎవరు ఆమోదించాలి. కంపెనీకి అవి అవసరమే. నెమ్మదిగా తాళాల సంఖ్య పెరిగి, మార్చే మీట నొక్కేవారి సంఖ్య తగ్గింది.

తెలుగు వికీపీడియాలో సముదాయం మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ పేజీతో పాటు చరిత్ర ఉంటుంది, చర్చ ఉంటుంది. ఎవరు ఏ రోజు ఏ మాట మార్చారో, ఎందుకు మార్చారో, ఎవరు ఒప్పుకోలేదో. ఏజెన్సీలో పనికి పనికొచ్చే పత్రానికి ఈ మూడూ కావాలి. మామూలుగా మనం ముద్రించి పంచే కరపత్రంలో ఈ మూడూ ఉండవు.

పురుగు వచ్చిన ఏడు

ఇలాంటి పత్రం అవసరం ఉత్త సిద్ధాంతం కాదని 2025 ఆగస్టు చూపించింది. అరకు మండలం చినలబుడు పంచాయతీ తోటల్లో బెర్రీ బోరర్ కనబడింది. కాయ తొలిచే పురుగు. ఈ కొండల్లో దాన్ని గుర్తించడం అదే మొదటిసారి. ఆడ పురుగు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కాయ కొన దగ్గర సూది మొనంత రంధ్రం చేసుకుని లోపలికి పోయి గుడ్లు పెడుతుంది. బయటి నుంచి చూస్తే కాయ బాగానే ఉంటుంది, లోపల గింజ గుల్ల. అధికారులు పురుగు పట్టిన కాయలను కోయించి నాశనం చేయించారు.

ప్రపంచానికి ఈ పురుగు కొత్తది కాదు. మన దేశంలోకి అది 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర వచ్చింది. అక్కడి నుంచి వయనాడ్‌కు, కొడగుకు పాకింది. అంటే దక్షిణాదిన మూడున్నర దశాబ్దాల అనుభవం ఉంది. చెట్టు మీద ఒక్క కాయ మిగలకుండా కోయడం, కింద రాలినవి ఏరేయడం, కోసేటప్పుడు కింద పట్టా పరచడం, పురుగు పట్టిన కాయల్ని మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచడం, ఆల్కహాల్ వాసనతో పురుగును లాగే బుట్టలు కట్టడం, బ్యువేరియా అనే బూజును చల్లడం. బాలెహొన్నూరులోని కాఫీ పరిశోధన కేంద్రంలో, ఇటు చింతపల్లి దారిలో ఆర్.వి. నగర్ ప్రాంతీయ కేంద్రంలో ఇవన్నీ తెలిసినవారున్నారు.

కొడగులో ఎస్టేట్ యజమాని మేస్త్రీకి చెబితే పని జరిగిపోతుంది. అరకులో తోట ఎకరమో రెండెకరాలో, చెట్లు పొడుగు, నేల ఏటవాలు. ఏటవాలు నేల మీద పరిచిన పట్టా నుంచి కాయలు దొర్లి పోకుండా ఏం చేయాలి? మరిగే నీళ్లకు తోటలో కట్టెలెక్కడివి, కాయలు ఊళ్లోకి మోసుకొస్తే దారిలో పురుగు పాకదా? ఈ ప్రశ్నలకు బాలెహొన్నూరు కరపత్రంలో జవాబు ఉండదు. ముందుగా పురుగు చూసిన ఊరి రైతులకు తెలుస్తుంది. వాళ్లకు తెలిసింది డుంబ్రిగుడకో, హుకుంపేటకో, జి.మాడుగులకో పురుగు కంటే ముందు చేరాలి.

దీనికి కావలసిన పత్రం పది వాక్యాలకు మించదు. బెర్రీ బోరర్ మీద ఒకే ఒక్క పేజీ. కింద ఏ ఊరి నుంచి ఏం మార్చారో చరిత్ర, పక్కనే శాస్త్రవేత్త మాట. ఊరివారు రాసిందాన్ని శాస్త్రవేత్త కొట్టేస్తే కొట్టేశాడని కనబడాలి, ఎందుకో చెప్పాలి. శాస్త్రవేత్త రాసింది ఊళ్లో కుదరకపోతే అదీ కనబడాలి. ఇలాంటి పేజీ రాయించడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వికీపీడియాను నడిపే మీడియావికీ ఉచితం. 2004లో వచ్చిన డోకువికీకి డేటాబేస్ కూడా అవసరం లేదు. ప్రతి పేజీ మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంటుంది. రేపు ఆ సాఫ్ట్‌వేర్ మూలన పడ్డా రాసింది చెక్కుచెదరదు. ప్రాజెక్టులు మూడేళ్లకో ఐదేళ్లకో ముగుస్తాయి, చందా కట్టేవారు ఉండరు, యాప్ తెరిస్తే తెల్ల తెర వస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగేవారికి నేను మొదట చెప్పేది ఒకటే: లోపల రాసిందంతా రేపు బయటికి తీసుకోగలమా అని అడగండి.

సిగ్నల్ లేని చోట

నగరంలో గూగుల్ డాక్స్‌లో ఇద్దరు ఒకే వాక్యాన్ని ఒకేసారి దిద్దుతుంటే ఇద్దరి కర్సర్లూ కనబడతాయి. తగాదా అక్కడికక్కడే తీరుతుంది. ముంచంగిపుట్టు, పెదబయలు వైపు చాలా పల్లెల్లో సిగ్నల్ కావాలంటే ఎత్తుకు ఎక్కాలి. పొద్దున ఇద్దరు సిబ్బంది రెండు లోయల్లో ఒకే పేజీని తమ తమ ఫోన్లలో మార్చి, సాయంత్రం రోడ్డు మీదికి వచ్చాక రెండూ ఒకేసారి సర్వర్‌కు చేరితే? చాలా యాప్‌లు చివర వచ్చినదాన్ని ఉంచి ముందుదాన్ని తుడిచేస్తాయి. ఎవరికీ చెప్పవు కూడా. రాసిన మాట పోయిందని తెలిసిన మనిషి రెండోసారి రాయడు. రెండు మార్పులనూ పక్కపక్కన పెట్టి ఒక మనిషిని అడిగే సాఫ్ట్‌వేర్ కాస్త విసిగించినా మేలు.

సిగ్నల్ లేకుండా సమాచారం సేకరించే పరికరాలు ఎప్పుడో వచ్చాయి. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఓడీకే, దాని మీద కట్టిన కోబో లాంటివి ప్రపంచమంతా స్వచ్ఛంద సంస్థలు వాడతాయి. ఫారం నింపి జేబులో పెట్టుకుంటే సిగ్నల్ రాగానే అదే వెళ్తుంది. అవి పుట్టింది సేకరణ కోసం. ఊరి నుంచి పైకి పంపడంలో దిట్టలు. పై నుంచి కిందికి దించాలంటే వేరే సరంజామా కావాలి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వికీపీడియా మొత్తాన్ని ఇంటర్నెట్ లేకుండా చూపిస్తుంది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌లో దాన్ని పెట్టి వైఫై వెలిగిస్తే చుట్టూ ఉన్న ఫోన్లలో పేజీలు తెరుచుకుంటాయి. జీసీసీ డిపోలోనో, పల్పింగ్ కేంద్రంలోనో, వారపు సంత జరిగే చోటనో అలాంటి డబ్బా ఒకటి పెట్టవచ్చు. సంతకు ఎలాగూ అందరూ వస్తారు.

అయినా నా ఓటు గోడ మీది కాగితానికే. పేజీ మారినప్పుడల్లా దాని ప్రింటు పల్పర్ పక్కన గోడకు అంటించాలి, తేదీతో సహా. ఎవరైనా పెన్నుతో దాని మీద గీస్తే ఆ గీతను వచ్చే వారం పేజీలోకి ఎక్కించాలి. ఖరీదైన సాఫ్ట్‌వేర్లు అమ్మేవారి పట్టికల్లో ఈ సౌకర్యం కనబడదు.

ఎవరి మాటలో

తెలుగులో పెడితే సరిపోతుందా అంటే, సగమే. అరకు సంతలో నలుగురు కలిసే భాష ఆదివాసీ ఒడియా. ఇళ్లలో కువి, కొండ, గదబ, పోర్జ వంటివి. ఈ భాషలను రాయడానికి దారి లేదనుకుంటే పొరపాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య కింద ఆదివాసీ ఒడియా, కువి, కొండ, సవర వంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపితోనే, బడి పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాలతో చదువు మొదలుపెట్టిన పిల్లల్లో కొందరు ఇప్పుడు తోట పనికి వచ్చే వయసువారు.

భద్రిరాజు కృష్ణమూర్తి ఈ లోయలో తిరిగి కొండ భాషకు వ్యాకరణం రాశారు. అది 1969లో అచ్చయింది. అంతకు ముందు 1962లో ఆయన సంపాదకత్వంలోనే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చింది, వ్యవసాయ పదాలతో. ఒక బృందం జిల్లాలు తిరిగి రైతుల నోటి నుంచి విన్నది విన్నట్టు రాసుకుని, ఏ మాట ఎక్కడ వాడతారో గుర్తు పెట్టి, ఒక పుస్తకంలోకి చేర్చింది. కంప్యూటర్ లేని రోజుల్లో తెలుగువారు చేసిన డాక్యుమెంటేషన్‌లో అంతకు మించిన బృంద కృషి నాకు తోచదు. తోటలో మొక్కకు పట్టే తెగుళ్లకు, నీడ చెట్లకు, కాయ పండే దశలకు కొండ భాషల్లో ఉన్న మాటలను అలా ఏరుకుని పేజీలో పెడితే, ఫోన్‌లో వెతికేవాడికి దొరుకుతుంది. తెగులును దాని శాస్త్రీయ నామంతో వెతకరు కదా ఎవరూ. చదవలేనివారికి అదే పేజీకి ముప్పై సెకన్ల మాట జతచేయవచ్చు.

బిందువు ఎవరిది

ఇప్పుడు ఈ పుస్తకానికి కొత్త పాఠకుడొకడు తయారయ్యాడు. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన చట్టం ప్రకారం, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ, కోకో, రబ్బరు వంటివి అక్కడ అమ్మకూడదు. పండిన తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చూపాలి. నాలుగు హెక్టార్లు దాటితే తోట చుట్టూ గీత గీయాలి. అంతకన్నా చిన్నదైతే ఒక్క బిందువు చాలు. అరకు రైతులకు దాదాపుగా బిందువే. నేల మీద హక్కు చట్టబద్ధమని కూడా చూపాలి, అంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా ఇప్పుడు బ్రస్సెల్స్ నియమానికి జవాబు చెప్పే కాగితం. కాఫీ బోర్డు ఇందుకోసం ఫోన్ యాప్‌లో రైతుల నమోదు మొదలుపెట్టింది. రెండుసార్లు వాయిదా పడ్డ ఆ చట్టం పెద్ద కంపెనీలకు 2026 డిసెంబరు 30 నుంచి వర్తిస్తుంది.

తోట బిందువు రైతు సొంత సమాచారం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమ్మతి తీసుకోవాలని చెబుతోంది. రైతు చేత వేలిముద్ర వేయించుకునేటప్పుడు ఆ బిందువు ఎవరెవరికి వెళ్తుందో అతని భాషలో చెప్పాలి. చెప్పాక అతనికీ ఒక నకలు ఇవ్వాలి. రేపు ఇంకో కొనుగోలుదారు వస్తే అదే నకలు చూపి బేరమాడుకుంటాడు. బ్యాంకులో పంట రుణానికి పనికొస్తుంది. పక్క తోటలో పురుగు కనబడితే తనది ఎంత దూరమో తెలుస్తుంది. ఆ అంకె తప్పుగా పడితే అందరికంటే ముందు పట్టుకునేవాడూ అతనే, ఎందుకంటే ఆ తోట పటం అతని కాళ్లకు తెలుసు. ఇందుకు కొత్త యాప్ ఏదీ తయారు చేయక్కర్లేదు. నమోదుకు వెళ్లే సిబ్బంది సంచిలో ఒక చిన్న ప్రింటరు, దానికి సరిపడా బ్యాటరీ ఉంటే చాలు.